పద్నాలుగు సెకన్ల తోక

జనవరి మూడో వారానికి లిఖిత టైము పదిహేను కిలోమీటర్లకు ఇరవై నాలుగు నిమిషాల నలభై నాలుగు సెకన్లు. సైక్లింగ్ అకాడమీ వాళ్లు పంపిన సెలక్షన్ కాగితంలో, పద్దెనిమిదేళ్ల లోపు ఆడపిల్లలకు రాసిన టైము ఇరవై నాలుగు ముప్పై. ఆ లోపల వస్తే సీటు. రాకపోతే లేదు. మధ్యలో ఉన్నవి పద్నాలుగు సెకన్లు.

సెలక్షన్ ఫిబ్రవరి రెండో ఆదివారం, ఆత్మకూరులో. ఏప్రిల్‌లో లిఖితకు పద్దెనిమిది నిండుతాయి. వచ్చే ఏడాది ఆమె పేరు ఏ జాబితాలోనూ పట్టదు.

వాళ్ల నాన్న రామనారాయణ దుత్తలూరు మండలంలో ఇరవై ఎకరాల మెట్ట రైతు. ఆయన తండ్రి రెండుసార్లు సర్పంచ్. కూతురికి రేసు సైకిల్ కొనిచ్చింది రామనారాయణే. మూడేళ్లు తెల్లవారుజామున బండి వేసుకుని ఆమె వెనకాల తిరిగిందీ ఆయనే. దీపావళి అయిన మర్నాడు దుత్తలూరు సెంటర్‌లో టీ తాగుతూ, నలుగురూ అడిగితే చెప్పాడు. "సెలక్షన్ అయితే పంపిస్తా. కాకపోతే సైకిల్ పక్కన పెట్టేసి డిగ్రీలో చేరుతుంది. మళ్లా ఆ మాట ఉండదు." ఆ ఇంట్లో నలుగురిలో అన్న మాటను వెనక్కి తీసుకున్నవాళ్లు లేరు. లిఖితకు ఆ సంగతి సాయంత్రానికి తెలిసింది. ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు.

ఆమెకు తొక్కడం నేర్పింది ప్రమీలారాణి. ఉదయగిరిలో ఒక బడికి పీఈటీ. వయసు నలభై ఆరు. ఆమె దగ్గర ఒక నోట్‌బుక్ ఉంది. అందులో లిఖిత తొక్కిన ప్రతి రోజూ, టైము, గాలి ఎటునుంచి, నాడి ఎంత, అన్నీ ఉన్నాయి. నవంబర్ నుంచి జనవరి దాకా నలభై నాలుగు అనే అంకె కిందికి దిగలేదు. ఒకసారి నలభై మూడు వచ్చింది. మర్నాడు నలభై ఆరు.

"కాళ్లలో ఇంక లేదు లిఖితా," అంది ప్రమీలారాణి. "మూడు వారాల్లో కొత్తగా రాదు. గాలిలో వెతకాలి."

సైకిల్ గంటకు ముప్పై ఆరు కిలోమీటర్ల మీద పోతుంటే, కాళ్లు పెట్టే బలంలో ఐదింట నాలుగు వంతులు గాలిని తోయడానికే పోతుంది. అందులో ఎక్కువ భాగం ఒళ్లు. కొంత సైకిల్. కొంచెం తల. మామూలు హెల్మెట్‌కు చల్లదనం కోసం కంతలుంటాయి. గాలి ఆ కంతల్లో దూరి, తల వెనకాల సుడి తిరిగి, మనిషిని వెనక్కి లాగుతుంది. రేసులకు తోక ఉన్న హెల్మెట్లు దొరుకుతాయి. వాటికి కంతలు ఉండవు. తోక మెడ వెనక ఖాళీని కప్పుతుంది. గాలి తల మీద నుంచి వీపు మీదికి జారిపోతుంది. ప్రమీలారాణి చదివినంతలో ఆ దూరానికి, ఆ వేగానికి, దాని వల్ల తగ్గేది పది నుంచి ఇరవై సెకన్లు. ఒక షరతు ఉంది. తోక వీపును ఆనుకుని ఉండాలి. తల వంచి రోడ్డు చూస్తే తోక పైకి లేస్తుంది. లేస్తే మామూలు హెల్మెట్ కన్నా నష్టం.

రామనారాయణ చెన్నైకి, బెంగళూరుకు ఫోన్లు చేయించాడు. లిఖిత తలకు సరిపోయే చిన్న సైజు ఎక్కడా లేదు. తెప్పిస్తే ఆరు వారాలన్నారు. సెలక్షన్‌కు ఇరవై మూడు రోజులుంది.

అప్పుడు ప్రమీలారాణి మామూలు హెల్మెట్ ఒకటి కొత్తది కొని, లోపల ప్యాడ్ ఎత్తి, భద్రత సర్టిఫికెట్ లేబుల్ ఉందో లేదో చూసింది. సెలక్షన్ కాగితంలో నాలుగో షరతు అదే. లేబుల్ ఉంది. నోట్‌బుక్‌లో రాసి టిక్కు పెట్టింది. తర్వాత హెల్మెట్‌ను సంచిలో వేసుకుని, లిఖితను వెంటబెట్టుకుని మస్తాన్ కొట్టుకు పోయింది.

మస్తాన్ ఉదయగిరిలో చెక్క గరిటెలు, చెంచాలు, దువ్వెనలు చేస్తాడు. అరవై రెండేళ్లు. వాళ్లు పోయేసరికి ఒక చెంచా గుంట చెక్కుతున్నాడు. కాడ ఇంకా మొద్దుగానే ఉంది.

"ఏంది టీచరమ్మా, సంచిలో? గుమ్మడికాయా?"

"హెల్మెట్, భాయ్. దీనికి తోక పెట్టాల."

"తోకా?" హెల్మెట్ తీసుకుని తిప్పి చూశాడు. "ఇన్ని బొక్కలుండాయి. ఇడ్లీ పాత్ర అనుకున్నా."

ప్రమీలారాణి ఫోన్‌లో బొమ్మలు చూపించింది. బొక్కలన్నీ మూయాలని, తోక ఇంత పొడుగు ఉండాలని, గాలి ఎక్కడా తట్టుకోకూడదని చెప్పింది. మస్తాన్ బొమ్మలు చూడలేదు. లిఖితను చూశాడు.

"పాపా, సైకిల్ మీద ఎట్టా కూర్చుంటావు? ఈడ వంగి చూపించు."

ఆమె బల్ల అంచు పట్టుకుని వంగింది. మస్తాన్ జానతో ఆమె తల వెనక నుంచి వీపు దాకా కొలిచాడు.

"ఎంత తగ్గాలంటివి?"

"పద్నాలుగు సెకన్లు తాతా."

"పద్నాలుగు సెకన్లలో నేను బీడీ కూడా ముట్టించలేను. దానికింత రాద్ధాంతమా." చెంచా మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. "గురువారం రాండి."

"కాడ చేయకుండా గుంట ముందు చేస్తుండావే తాతా?" అంది లిఖిత.

"నోట్లోకి పోయేది గుంట. ముందు లోపల నున్నగా కావాల. బయట నున్నగా ఎవడైనా చేస్తాడు."

మొదటి తోక నర్ది కర్రతో చేశాడు. గరిటెలకు వాడేది అదే. దాంతో హెల్మెట్ బరువు మూడు వందల గ్రాములు పెరిగింది. ఎనిమిదో కిలోమీటరు దగ్గర లిఖిత మెడ పట్టుకుని ఆగిపోయింది. రెండోది బూరుగు చెక్క. బరువు సరిపోయింది. ప్రమీలారాణి బండి మీద పక్కన పోతూ వీడియో తీసి తెచ్చింది. తోకకూ వీపుకూ మధ్య రెండు వేళ్ల సందు ఉంది.

మస్తాన్ వీడియో మూడుసార్లు చూశాడు.

"నా తోక తప్పు కాదు. ఈ పాప మాటిమాటికి కింద చూస్తుండాది. ఏంది, రోడ్డు మీద డబ్బులు పడుండాయా?"

"గుంటలుంటాయి తాతా."

"గుంటలు టీచరమ్మ చూసి చెప్తుంది. నువ్వు తల ఆడిస్తే నా తోక నీ వీపు మీద తబలా వాయిస్తుంది."

మూడో తోక జనవరి ముప్పైన అయింది. బొక్కలకు ఒక్కోదానికి ఒక్కో మూత, బూరుగు చెక్కను అట్టంత పల్చగా చేసి, అతికించి, రుద్ది, రంగు వేశాడు. వేలు పెట్టి పోనిస్తే ఎక్కడ ప్లాస్టిక్ అయిపోయి ఎక్కడ చెక్క మొదలైందో తెలియలేదు. పెరిగిన బరువు తొంభై గ్రాములు. లిఖిత తల కదపకుండా తొక్కడం నేర్చుకుంది. అందుకు ఆమె పడుకునేటప్పుడు కూడా మెడ ఎత్తి పెట్టుకునేది.

ప్రమీలారాణి తనను తాను నమ్మదు. దుత్తలూరు రోడ్డులో ఐదు కిలోమీటర్ల ఎడం ఉన్న రెండు రాళ్ల మధ్య పోను రాను తొక్కించింది. గాలి లేని వేళ, ఆరున్నర లోపల. ఒకసారి మామూలు హెల్మెట్, ఒకసారి తోకది, మళ్లీ మామూలుది, మళ్లీ తోకది. నాడి నూట డెబ్బై దాటకూడదు, తగ్గకూడదు. మూడు రోజులు అదే పని. నాలుగో రోజు కూడి, భాగించి, అంకె రాసింది. ఐదు కిలోమీటర్లకు నాలుగు పాయింట్ ఎనిమిది సెకన్లు.

"పదిహేనుకు పద్నాలుగు పాయింట్ నాలుగు," అంది.

"పాయింట్ నాలుగు మిగిలిందే మేడం."

"దాన్ని నువ్వు పెట్టుకో."

సెలక్షన్‌కు ముందు గురువారం లిఖిత ఒక మాట అంది. లోపల ఎడమ పక్క ఏదో గుచ్చుకుంటోందని. బంక గట్టిపడి ముల్లులా ఉంది. ప్రమీలారాణి హెల్మెట్ తీసుకుపోయి మస్తాన్‌కు ఇచ్చింది.

"నేనే అడగాలనుకున్నా," అన్నాడు. "బయట బయటే మూడుసార్లు మార్పిస్తివి. లోపల చెయ్యి పెట్టలా నేను. లోపల ముట్టుకోకుండా వస్తువు ఎట్టా ఇచ్చేది? శనివారం ఇస్తా."

శనివారం సాయంత్రం ఇచ్చాడు. ప్రమీలారాణి లిఖిత తలకు పెట్టి చూసింది. గుచ్చుకోవడం లేదు. ప్యాడ్లు వాటి చోట్లలో ఉన్నాయి. నోట్‌బుక్ తీసి రేపటికి కావలసినవి చదివింది. ఆధార్, పుట్టిన తేదీ సర్టిఫికెట్, ట్యూబులు, పంపు, హెల్మెట్. హెల్మెట్ పక్కన లేబుల్ అని ఉంది, దాని పక్కన టిక్కు ఉంది. తర్వాతి పేజీ తిప్పింది.

ఆదివారం ఆరింటికి ఆత్మకూరు అవతల హైవే మీద షామియానా వేశారు. పదిహేడు మంది ఆడపిల్లలు. ఏడున్నర కిలోమీటర్లు పోయి, అక్కడ పెట్టిన డ్రమ్ము చుట్టూ తిరిగి రావాలి. నిమిషానికి ఒకరిని వదులుతారు. లిఖిత పదకొండోది. ఏడు గంటల పది నిమిషాలకు ఆమె వంతు. పెట్రోల్ బంకు మీద జెండాలు కదలడం లేదు. రామనారాయణ దుత్తలూరు నుంచి బొలెరోలో నలుగురిని తీసుకుని వచ్చాడు.

ఆరూ నలభైకి హెల్మెట్లు చూసే బల్ల దగ్గరకు పోయారు. బల్ల వెనకాల ఉన్నాయన కళ్లజోడు పైకి నెట్టుకుని హెల్మెట్‌ను తిప్పి చూశాడు. తోకను గోటితో కొట్టాడు.

"చెక్క కదా ఇది?"

"అవును సార్," అంది ప్రమీలారాణి.

"ఎవరు చేసినారు?"

"ఉదయగిరి ఆయన."

"బాగా చేసినాడు." లోపలికి చూశాడు. "లేబుల్ ఏదమ్మా?"

"ప్యాడ్ కింద ఉంది సార్."

ఆయన ప్యాడ్ ఎత్తాడు. కింద తెల్లటి థర్మోకోల్ ఉంది. నున్నగా ఉంది. ఇంకో ప్యాడ్ ఎత్తాడు. ప్రమీలారాణి హెల్మెట్ తీసుకుని అన్ని ప్యాడ్లూ ఎత్తింది. ఎక్కడా కాగితం ముక్క లేదు, బంక మరక లేదు, గీత లేదు.

"ఉండింది సార్. నేను చూసినాను. జనవరిలో చూసినాను."

"ఇప్పుడు లేదు కదా."

ఆమె పక్కకు పోయి మస్తాన్‌కు ఫోన్ చేసింది.

"భాయ్, హెల్మెట్ లోపల తెల్ల కాగితం ఒకటి అంటించి ఉండాలే. ఏమైంది?"

"గీకేసినా టీచరమ్మా. దాని చుట్టూ బంక కారి గడ్డ కట్టుండాది. అట్నే వదిలేస్తామా? మొత్తం సాపు చేసి ప్యాడ్లు మళ్లా అంటించినా. ఎందుకు, గుచ్చుకుంటుండాదా?"

"లేదు. గుచ్చుకోవడం లేదు."

"పాపను తల ఆడించొద్దని చెప్పు," అని పెట్టేశాడు.

తిరిగి వచ్చి ఆమె బల్లాయనతో ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన అంతా విన్నాడు.

"తోక సంగతి నేను పైవాళ్లను అడిగి ఉందును. దాని మీద వాదించుకోవచ్చు. లేబుల్ లేనిదానికి వాదన లేదు. లోపల ఎంత గీకినాడో నాకు తెలియదు, మీకూ తెలియదు. ఈ పిల్ల డ్రమ్ము దగ్గర కింద పడి తల కొట్టుకుంటే సంతకం నాది." హెల్మెట్‌ను బల్ల కింద పెట్టాడు. "ఆ పెట్టెలో మావి ఉన్నాయి. ఏదైనా తీసుకోండి."

రామనారాయణ ప్రమీలారాణి పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు. "ఆయన ఏ ఊరో కనుక్కుంటే ఒక మాట చెప్పించొచ్చు. నెల్లూరులో మనవాళ్లుండారు."

"వద్దండీ. ఆయన చెప్పింది కరెక్టు."

"మరి తప్పు ఎవరిది?"

"నాది. లేబుల్ సంగతి మస్తాన్‌కు చెప్పలా నేను."

రామనారాయణ బొలెరో దగ్గరకు పోయి నిలబడ్డాడు.

లిఖిత మామూలు హెల్మెట్ ఇంట్లోనే ఉండిపోయింది. పెట్టెలో ఆరు హెల్మెట్లున్నాయి. అన్నీ కంతలవే, అన్నీ పెద్ద సైజువే. బెంగళూరు నుంచి వచ్చిన ఒక పిల్లకు తోక హెల్మెట్ ఉంది, అసలుది. ఆ పిల్ల మూడోది. తొక్కి తిరిగి వచ్చేసరికి లిఖిత సగం దూరం దాటి ఉంటుంది. ప్రమీలారాణి ఆ లెక్క వేసి, పెట్టెలో నుంచి ఒకటి తీసింది. లిఖిత చున్నీని మడిచి లోపల పెట్టుకుని పట్టీ బిగించింది. తల ఊపింది. హెల్మెట్ కొంచెం తిరిగింది.

"మేడం, ఎంత వస్తుంది?"

"తొక్కు."

"చెప్పండి. తొక్కుతా ఎట్లైనా."

"నలభై నాలుగు," అంది ప్రమీలారాణి.

ఇరవై నాలుగు నిమిషాల నలభై ఐదు సెకన్లు వచ్చింది.

పదిహేడు మందిలో నలుగురు టైము లోపల వచ్చారు. వాళ్ల పేర్లు మైకులో చదివారు. బల్ల కింద ఉన్న హెల్మెట్‌ను బల్లాయన తిరిగి ఇచ్చాడు. లిఖిత రెండు చేతులతో తీసుకుని, బొలెరో దగ్గరకు నడిచింది.

"నాయనా, నేను ఒకటి అడుగుతా."

"సెలక్షన్ మాట వద్దు."

"అది కాదు. రేపు పొద్దున ఇదే రోడ్డు, ఇదే దూరం, దీన్ని పెట్టుకుని ఒకసారి తొక్కుతా. తర్వాత ఇంటికి పోదాం."

"ఎందుకు?"

"తెలుసుకుందామని."

రామనారాయణ నలుగురినీ బస్సెక్కించి, కూతురితో ఆత్మకూరులో బావమరిది ఇంట్లో ఆగాడు. ప్రమీలారాణి సోమవారానికి సెలవు పెట్టింది.

సోమవారం షామియానా లేదు. డ్రమ్ము లేదు. ప్రమీలారాణి ముందే పోయి, డ్రమ్ము ఉన్న చోట రోడ్డు మీద సున్నం గీత చూసి, అక్కడ రామనారాయణను నిలబెట్టి వచ్చింది. జెండాలు కదలడం లేదు. ఏడూ పదికే వదిలింది. లిఖిత తల కదపలేదు. తోక వీపు మీద ఆనుకుని ఉంది. ముందురోజు అలసట కాళ్లలో ఉంటుందని, అందువల్ల నాలుగైదు సెకన్లు పోతాయని ప్రమీలారాణి అనుకుంది. రోడ్డు పక్కన ఒక్కతే నిలబడి ఇంకోటి కూడా అనుకుంది. ఎంత వచ్చినా నలభై చెప్పాలని. నలభై అంటే హెల్మెట్ ఉన్నా సీటు వచ్చేది కాదని అర్థం. ఆ అంకెతో ఈ పిల్ల డిగ్రీలో చేరొచ్చు.

లిఖిత గీత దాటింది. వంద గజాలు పోయి ఆగి, దిగి, సైకిల్ పట్టుకుని వెనక్కి నడిచి వచ్చింది. ప్రమీలారాణి నోరు తెరిచేలోపు చెయ్యి చాచింది. వాచీ ఇవ్వక తప్పలేదు.

ఇరవై నాలుగు ఇరవై ఏడు.

లిఖిత చాలాసేపు చూసింది. వాచీ తిరిగి ఇచ్చేసింది. బాటిల్ తీసి నీళ్లు తాగింది. కొన్ని ముఖం మీద పోసుకుంది.

రామనారాయణ బొలెరోలో వచ్చి దిగాడు. "వచ్చిందా?"

"వచ్చింది నాయనా. మూడు సెకన్లు మిగిలినాయి."

ఆయన ప్రమీలారాణి వైపు తిరిగాడు. "ఈ టైము వాళ్లకు పంపిస్తే?"

"లెక్కలోకి రాదండీ. వాళ్ల వాచీ కాదు, వాళ్ల రోజు కాదు. హెల్మెట్‌కు లేబుల్ లేదు."

"మళ్లా పెట్టరా?"

"పెడతారు. వచ్చే ఫిబ్రవరిలో. అప్పటికి పద్దెనిమిది దాటుతుంది. పద్దెనిమిది దాటినవాళ్లకు అకాడమీ లేదు. బయట పోటీలుంటాయి, మనమే పోవాలి." ఆగి, అడిగింది. "మీరు పంపిస్తారా?"

"టీచర్‌గారూ, నేను నలుగురిలో అన్నా. నిన్న ఆ నలుగురూ వచ్చి చూసిపోయినారు."

"వద్దులే మేడం," అంది లిఖిత. చక్రాలు తనే విప్పింది. సైకిల్‌ను వెనక సీట్ల మధ్య తనే పెట్టింది. తిరునాళ్లకు వచ్చి పోతున్నట్టు కారెక్కి, అద్దం దించి, "పరీక్షలయినాక బడికాడికి వస్తా," అంది. వస్తుందని ప్రమీలారాణి అనుకోలేదు. బొలెరో దుత్తలూరు వైపు పోయింది.

హెల్మెట్ ప్రమీలారాణి చేతిలోనే ఉండిపోయింది. ఉదయగిరి బస్సు కోసం స్టాండులో కూర్చున్నప్పుడు మస్తాన్ ఫోన్ చేశాడు.

"ఏంది టీచరమ్మా, నిన్నంతా పలకలా. ఎంత వచ్చింది?"

"ఇరవై నాలుగు ఇరవై ఏడు."

"కావాల్సింది ముప్పై కదా?"

"ముప్పై."

"అయితే దాటేసింది పాప." పక్కన ఎవరికో గట్టిగా చెప్పాడు. ఎవరో ఏదో అన్నారు, నవ్వారు. "నా కొడుకు నమ్మలా. చెంచాలు చేసేవాడివి నీకెందుకన్నాడు. ఇంకో ఆడపిల్ల ఎవరైనా ఉంటే చెప్పు, ఈసారి ఇంకా పల్చగా చేస్తా. పాప ఎప్పుడు పోతుండాది?"

ప్రమీలారాణి హెల్మెట్ ఒళ్లో పెట్టుకుంది.

"అకాడమీకి ఎప్పుడు పోతుండాదంటుండా."

అప్పుడు చెప్పింది. బల్ల దగ్గర నుంచి మొదలుపెట్టి, ఆ టైము ఆదివారానిది కాదని, సోమవారానిదని, వరసగా అన్నీ చెప్పింది. లేబుల్ ఎందుకు ఉండాలో చెప్పింది. తను ముందే చెప్పి ఉండాల్సిందని చెప్పింది.

"తెల్ల కాగితమే కదా," అన్నాడు చివరికి. "దాని మీద ఇంగిలీషులో ఏందో ఉండె."

"అదే భాయ్."

"ఒకసారి రుద్దితే పోలా అది. ఉప్పుకాగితంతో రెండోసారి రుద్దినా."

ఆమె హెల్మెట్ లోపల ప్యాడ్ ఎత్తి చూసింది.

"గిరాకీ వచ్చినారు టీచరమ్మా. పెట్టేస్తుండా."

ఆయన పక్కన ఎవరి మాటా వినపడలేదు. పెట్టేస్తానన్న ఫోన్ మాత్రం ఆయన ఇంకా కొంతసేపు పెట్టలేదు.